నీలగిరి బాట - అడవి బంధుత్వాలు

ఉగాదినాడు పంచాంగ శ్రవణములో సిద్ధాంతిగారు ప్రతి రాశికీ ఆదాయమింత, వ్యయమింత అని చదువుతారు. మనము చెవులు రిక్కించి వింటాము. కాని ఊరికీ ఊరికీ నడుమ పడిన రోడ్డుకు ఆదాయ వ్యయములు చదివేవారు కనబడరు. ఆదాయము అందరికీ తెలిసినదే. సరుకు కదులుతుంది, చదువుకొనే పిల్లవాడు పట్నము చేరుతాడు, మనబోటివారము పొట్ట చేతబట్టుకొని పరాయి సీమకు వచ్చి నాలుగు తరములుగా నిలద్రొక్కుకొంటాము. వ్యయము మాత్రము చాలవరకు అడవి ఖాతాలో పడుతుంది. అడవికి లెక్క వ్రాసే గుమాస్తా లేడు.

మేము రైల్వే ఆఫీసులో లెక్కల పుస్తకములు వ్రాసుకొని బ్రతికేవారము. మా చదువు పదవ తరగతితో ఆగినది. కనుక ఇది పండితుల వ్యాసము కాదు. మన మైసూరు నుండి గుండ్లుపేట, బందిపూరు మీదుగా నీలగిరికి, వయనాడుకు పోయే బాటల చరిత్రను, ఆ బాటల వలన అడవి జీవుల నడుమ ఉన్న సంబంధములు ఎట్లు మారినవో ఆ సంగతిని మాకు తెలిసినంత మేరకు మనవి చేస్తాము. చివరకు మా స్వంత లెక్కలో జరిగిన ఒక పొరపాటును కూడ ఒప్పుకొంటాము.

బాట పుట్టుక

ఈ బాటలు నిన్న మొన్నటివి కావు. 18వ శతాబ్దములో మైసూరు సేనలు మలబారుకు పోయివచ్చిన దారులు ఈ అడవుల గుండానే సాగినవి. వయనాడులోని సుల్తాన్ బత్తేరికి ఆ పేరు టిప్పు సుల్తాను అక్కడ మందుగుండు నిలువ చేసినందువలన వచ్చినదే. ఇంగ్లీషువారి 'బ్యాటరీ' జనుల నోట బత్తేరి అయినది. ఆ రోజులలో దూరదేశములకు సరుకు మోసినవారు లంబాడీలు. 1791-92లో కారన్‌వాలీసు శ్రీరంగపట్టణము మీదికి దండెత్తి వచ్చినప్పుడు ఆయన సేనకు ధాన్యము చేరవేసినవి వారి పెరికె ఎద్దులే. 1820 తరువాత కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్ ఉదకమండలములో ఇల్లు కట్టుకొన్నాడు. అప్పటినుండి నీలగిరి దొరల వేసవి విడిది అయినది, కొండకు దారులు పెరిగినవి.

అయితే ఎద్దుబండి నడక గంటకు కోసెడు మించదు. పులి భయము చేత బండివాడు చీకటి పడకముందే మజిలీ చేరి, నెగడు వేసుకొని కూర్చొనేవాడు. బాట పగలు మనుష్యులది, రాత్రి మృగములది. ఈ ఒప్పందమును ఎవరూ కాగితము మీద వ్రాయలేదు గాని ఇరుపక్షములవారూ పాటించినారు.

రైలు ఈ అడవిలోనికి రాలేదు. మైసూరు నుండి నంజనగూడుకు 1891లో, అక్కడినుండి చామరాజనగరమునకు 1926లో పట్టాలు పడి, అక్కడ ఆగినవి. మైసూరు మహారాజావారి ప్రభుత్వము 1931లో బందిపూరు వద్ద సుమారు 90 చదరపు కిలోమీటర్ల అడవిని మృగరక్షణకు కేటాయించినది. 1940లో మద్రాసు రాజధానిలోని ముదుమలై, 1941లో గోపాలస్వామి బెట్ట మీది స్వామి పేరున వేణుగోపాల మృగవనము ఏర్పడినవి. 1973లో పులుల రక్షణకు దేశములో మొట్టమొదట ఎన్నుకొన్న తొమ్మిది అడవులలో బందిపూరు ఒకటి. ఇంత రక్షణ జరుగుతూ ఉండగానే బాట కంకర రోడ్డయి, తారు రోడ్డయి, జాతీయ రహదారి అయినది. ఊటీ పోయేది అడవిలో సుమారు 13 కిలోమీటర్లు, వయనాడు పోయేది సుమారు 20 కిలోమీటర్లు నడుస్తుంది. లారీలు రాత్రింబవళ్లు తిరుగసాగినవి. పాత ఒప్పందము తెగిపోయినది.

అడవి కట్టుబాట్లు

రోడ్డు మీద దుప్పి చచ్చినదని పత్రికలో చదివి అయ్యో అనుకొంటాము. ఒక ప్రాణి పోయినదని ఒకటి తగ్గించి లెక్క వేస్తాము. కాని అడవిలో ఏ ప్రాణీ ఒంటిగా బ్రతకదు. మన వాడకట్టులో ఉన్నట్టే అక్కడా ఇచ్చిపుచ్చుకొనుటలు, వరుసలు, పాత పగలు ఉన్నవి.

కొండముచ్చు చెట్టు మీద చిగుళ్లు తింటూ సగము క్రింద పారవేస్తుంది. చుక్కల దుప్పులు చెట్టు క్రింద చేరి వాటిని ఏరుకొని తింటవి. కొండముచ్చుకు చూపు దూరము, దుప్పికి వాసన దూరము. పులిని మొదట ఎవరు పసిగట్టినా కేక వేస్తే రెండవవారికి రక్ష. ఏనుగు కొమ్మ విరిస్తే పొట్టి జంతువులకు మేత అందుతుంది. అది తిన్న పండ్ల గింజలు పేడతో పాటు ఎక్కడో పడి మొలకెత్తుతవి, ఆ పేడ మీద పేడపురుగులు జీవిస్తవి. పులి తిని విడిచినది నక్కకు, రాబందుకు, అడవిపందికి విందు.

కాలము విషయములో కూడ కట్టుబాటు ఉన్నది. రేసుకుక్కలు ఎక్కువగా ఉదయము, సాయంత్రము వెలుగులో వేటాడుతవి. పులి ఎక్కువగా చీకటి మనిషి. చిరుతపులి పెద్దపులికి ఎదురుపడకుండా వేళ చూచుకొని కదులుతుంది. ఇది మా రైల్వేవారికి సులువుగా అర్థమయ్యే సంగతి. ఒకే లైను మీద అనేక బండ్లు నడవవలెనంటే టైంటేబులు ఉండవలె, ఒకటి లూపులో ఆగి రెండవదానికి దారి ఇవ్వవలె. అడవికి కూడ అటువంటి టైంటేబులు ఉన్నది. దానిలోనికి చెప్పాపెట్టకుండా వచ్చిన బండి మన రోడ్డు.

రోడ్డు తెచ్చిన మార్పు

మొదట చిన్న ప్రాణుల సంగతి. ముదుమలైలో రోడ్డు మీద చచ్చిన జీవులను లెక్కించిన పరిశోధకులకు అందులో సగానికి పైగా కప్పజాతివే కనబడినవి. తొలకరి పడగానే కప్పలు రోడ్డు దాటుతవి, చక్రముల క్రింద పడతవి. చచ్చిన కప్ప ఊరక పోదు. దానిని తినుటకు కాకి, గద్ద, ముంగిస వస్తవి. పగటి ఎండకు కాగిన తారు రాత్రి వెచ్చగా ఉంటుందని పాము వచ్చి పడుకొంటుంది. వచ్చినవానిలో కొన్ని అక్కడనే ప్రాణము విడుస్తవి. ఒక చావు మరి నాలుగు చావులకు పిలుపు అవుతుంది. అడవి లోపల మడుగు వద్ద జరుగవలసిన పంక్తి భోజనము రోడ్డు మీదికి మారినది.

రెండవది గడ్డి సంగతి. బండి తోలేవారికి ఎదుటిది కనబడవలెనని, నిప్పు వ్యాపించకుండవలెనని రోడ్డుకు ఇరుప్రక్కలా పొదలు నరుకుతారు. ఎండ తగిలి అక్కడ లేతగడ్డి మొలుస్తుంది. అదే సమయములో అడవి లోపల లాంటానా అల్లుకొన్నది. మనవారు తలంబ్రాల చెట్టు అంటారే, అదే. 19వ శతాబ్దపు మొదటి సంవత్సరములలో అందము కోసమని పరదేశమునుండి కలకత్తా తోటకు తెచ్చిన మొక్క అది. పికిలిపిట్టలు దాని పండ్లు తిని గింజలు చల్లుతవి. వెలుతురు పడే రోడ్డంచులు, నరికిన చోట్లు దానికి పుట్టినిల్లు వంటివి. లోపల పొద క్రింద గడ్డి మొలవదు, వెలుపల అంచున పచ్చగా ఉంటుంది. మేత కోసము దుప్పి, అడవిదున్న, ఏనుగు ఎక్కడికి వస్తవి? మనము చూచి ఫోటో తీసుకొని, మృగములు మనుష్యులకు అలవాటు పడినవని సంతోషిస్తాము. అది అలవాటు కాదు, ఆకలి.

మూడవది చిత్రమైనది. అమెరికాలో గ్రాండ్ టీటన్ అనే రక్షిత అడవిలో మూస్ అనే పెద్ద జాతి దుప్పి ఉన్నది. అక్కడ గోధుమరంగు ఎలుగుబంట్లు తిరిగి బలపడిన తరువాత ఈ ఆడ దుప్పులు ఏటేటా రోడ్డుకు మరింత దగ్గరగా వచ్చి ఈనుట మొదలుపెట్టినవి. ఎలుగు రోడ్డుకు బెదురుతుంది, కూనలు బ్రతుకుతవి. 2007లో ఈ సంగతి వెల్లడి అయినది. అంటే అక్కడి మృగము మనుష్యుని రోడ్డును కోటగోడగా వాడుకొన్నది. వినుటకు ముచ్చటగానే ఉన్నది గాని ఆలోచించండి. వేటాడే మృగము రోడ్డుకు దూరమై, వేటకు గురయ్యేది రోడ్డుకు దగ్గరయితే, అడవి నడిమిలో ఉండవలసిన తూకము అంచుకు జరిగినట్టే గదా. బందిపూరులో అతిథి గృహముల ముంగిట చుక్కల దుప్పులు మందలుగా పడుకొనుట మనమందరము చూచినదే.

అన్ని జంతువులూ ఒకే తీరున ప్రవర్తించవు. మన ప్రక్కనున్న నాగరహొళే అడవిలో రోడ్డు మూసిన భాగమును, బండ్లు తిరిగే భాగమును పోల్చి చూచిన పరిశీలన ఒకటి 2012లో అచ్చయినది. చుక్కల దుప్పి, అడవిదున్న, ఏనుగు మూసిన భాగపు అంచునే ఎక్కువగా కనబడినవి. అంటే గడ్డి పిలుస్తుంది, బండి తరుముతుంది. రెంటి నడుమ జంతువు బ్రతుకు ఊగులాడుతుంది.

నాలుగవది చెట్ల సంగతి. రోడ్డు వెడల్పు చేసినకొద్దీ పైన కొమ్మకు కొమ్మ అందదు. కొండముచ్చు, బెట్లు ఉడత నేలకు దిగవలసి వస్తుంది. నేల మీద వాటికి చిరుత భయము, చక్రముల భయము రెండూ ఉన్నవి. వాల్పారై కొండలలో సింహపు తోక కోతులు రోడ్డు దాటుటకు చెట్టునుండి చెట్టుకు త్రాటి వంతెనలు కట్టినారు, అవి వాటి మీద నడుస్తున్నవి. త్రాడు ఖరీదు ఎంత? మనసు ఉండవలె గాని.

అయిదవది మన దానగుణము. బండి ఆపి కోతులకు అరటిపండు, బిస్కట్టు వేస్తాము, పుణ్యము అనుకొంటాము. అడవి పండ్లు తిని గింజలు చల్లవలసిన కోతి రోడ్డు ప్రక్కన బిచ్చగాడు అవుతుంది. సత్యమంగళము వైపు దింబము రోడ్డులో చెరకు లారీల కోసము ఏనుగులు కాచుకొని నిలుచుండుట పత్రికలలో వచ్చినది. గింజలు నాటుతూ అడవి అంతా తిరుగవలసిన రైతు టోలుగేటు వద్ద చెయ్యి చాచినట్టు లేదా?

ఆరవది కాలము. లోకము నలుమూలలనుండి 62 జాతుల పాలిచ్చే జంతువుల లెక్కలు కూడగట్టి 2018లో శాస్త్రజ్ఞులు ఒక మాట చెప్పినారు. మనిషి ఉన్న చోట జంతువులు పగటిని విడిచి రాత్రికి జరుగుచున్నవని. పగలు తిరిగేది, రాత్రి తిరిగేది ఒకే చీకటిలో ఇరుకున పడితే, వేళ పంచుకొని తప్పుకొన్నవి ఎదురుపడవలసి వస్తుంది. మిగిలిన ఆ రాత్రిని కూడ లారీ దీపములు తీసుకొంటే వాటికి మిగిలే వేళ ఏది?

రాత్రి గేటు

2009 జూన్ నెలలో చామరాజనగరము జిల్లా అధికారి ఈ రెండు రోడ్ల మీద రాత్రి 9 నుండి ఉదయము 6 వరకు బండ్లను నిలుపు చేస్తూ ఉత్తరువు ఇచ్చినారు. వారము రోజులలోనే దానిని వెనుకకు తీసుకొన్నారు. వ్యవహారము హైకోర్టుకు పోయినది. జులైలో కోర్టువారు నిషేధమును మరల అమలు చేయించి, 2010 మార్చిలో స్థిరపరచినారు. రోగులను తీసుకొనిపోయే బండ్లకు, లెక్కకు కొన్ని ప్రభుత్వ బస్సులకు మినహాయింపు ఇచ్చినారు. హుణసూరు, గోణికొప్ప, కుట్ట మీదుగా మారుదారి చూపినారు. అది చుట్టుదారి. వయనాడువారికి ఇది కష్టమే. వారి కూరగాయలు, వారి వ్యాపారము, వారి రాకపోకలు అన్నీ ఇటువైపే గదా. 2019 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ భాగమును పూర్తిగా మూసి మారుదారినే శాశ్వతము చేసే విషయమై కేంద్రమును అడిగినప్పుడు, సుల్తాన్ బత్తేరిలో యువకులు నిరాహారదీక్షలు చేసినారు. వారి బాధను తేలికగా మాట్లాడే హక్కు మనకు లేదు.

ఇక మా పొరపాటు. 2018 వేసవిలో గేటు రాత్రంతా తెరువవలెనని ఒక అర్జీ మా వీధికి వచ్చినది. మేము చదవకుండనే సంతకము చేసినాము. మనమూ ప్రయాణికులమే గదా అనుకొన్నాము. ఆ సంవత్సరము డిసెంబరు సెలవులలో మేము, మా వీధి తెలుగువారు కొందరు ఒక బస్సు మాట్లాడుకొని ఊటీ పోయినాము. తిరుగు దారిలో ఫలహారములకు ఆగి, ఆలస్యమై, అడవి గేటు చేరేసరికి 9 దాటి పది నిమిషములు అయినది. గేటు వేసి ఉన్నది.

మాలో కొందరు దిగి కాపలాదారు మీద కేకలు వేసినారు. పిల్లలున్నారు, ముసలివారున్నారు, పది నిమిషములే గదా అని. ఆయన వయసు మళ్లినవాడు. కన్నడము, తమిళము కలిపి నెమ్మదిగా అన్నాడు: "మీకు పది నిమిషాలే సార్. మీ వెనుక వచ్చే ప్రతి బండికీ పది నిమిషాలే." ఆ మాటకు మావద్ద జవాబు లేదు.

ఇంజను ఆపి, దీపములు ఆర్పి బస్సులోనే కూర్చొన్నాము. కొంతసేపటికి చెవుల హోరు తగ్గి, కీచురాళ్లు వినబడినవి. నడిరేయి దాటిన తరువాత లోపల ఎక్కడో గట్టిగా ఒక కేక. కాపలాదారు కిటికీ దగ్గరకు వచ్చి, "కణుజు అరిచింది. పులి కదిలింది. ఇక దుప్పులు అందుకొంటాయి, వినండి" అన్నాడు. రెండు నిమిషములలో రోడ్డుకు ఈవల దుప్పి కూత, మరికాసేపటికి ఇంకా దూరమున మరొక కూత. వార్త రోడ్డు దాటి పోయినది. మా పెద్దమ్మగారు దుప్పటి సర్దుకొంటూ, "మన వీధిలో దొంగ దూరితే ఈ ఇంటివాళ్లు ఆ ఇంటివాళ్లను లేపినట్టుంది కదరా" అన్నారు.

మేము ఆ రాత్రి నిద్రపోలేదు. ఆ వేళకు గేటు తెరిచి ఉండి, లారీలు వరుసగా పోతూ ఉంటే ఆ కేక ఈవలి దుప్పి చెవిని పడేదా? మేము సంతకము పెట్టినది గేటు తెరుచుటకని అనుకొన్నాము. పొరుగువాని హెచ్చరిక పొరుగువానికి వినబడకుండ చేసే కాగితము మీద సంతకము పెట్టినామని అప్పుడు తెలిసినది. ఊరు చేరిన తరువాత అర్జీ తెచ్చిన ఆయన వద్దకు పోయి మా పేరు కొట్టివేయమన్నాము. కాగితము పంపించివేసినామని ఆయన చెప్పినాడు. కనుక ఈ సంచికలో ఇట్లు వ్రాసి కొట్టివేస్తున్నాము.

మన వంతు

రోడ్డును తిట్టి రైలును దాచుట న్యాయము కాదు. 2012 డిసెంబరు 30న ఒడిశాలోని గంజాము జిల్లాలో కోరమండల్ ఎక్స్‌ప్రెస్ క్రింద ఏనుగులు పడి చనిపోయినవి. బరంపురము తెలుగువారు నిత్యము ప్రయాణము చేసే లైను అది. మా రైల్వేవారి ఖాతాలో కూడ ఇటువంటి పద్దులు ఉన్నవి. నంజనగూడు నుండి వయనాడు మీదుగా నిలంబూరుకు పట్టాలు వేయవలెనన్న ఆలోచన చాలాకాలముగా ఉన్నది. రైల్వే ఉప్పు తినేవారమై కూడ, అది ఏ అడవి గుండా పోతుందో, ఏ వేళ పోతుందో మొదట చూడవలెనని మేము అంటాము.

మార్గము లేకపోలేదు. నాగపూరుకు ఉత్తరమున పెంచి అడవిలో 44వ నంబరు రహదారిని వెడల్పు చేసినప్పుడు, జంతువులు క్రిందినుండి దాటుటకు తొమ్మిది దారులు కట్టినారు. 2019లో అక్కడ కెమెరాలు పెట్టి చూడగా 18 జాతుల అడవి జంతువులు, అందులో 11 పులులు వాటిని వాడుకొన్నవి. ఆ రహదారియే హైదరాబాదు, కర్నూలు, అనంతపురము మీదుగా బెంగుళూరు వస్తుంది. మనలో చాలామంది స్వగ్రామమునకు పోయేది దాని మీదనే.

ఇంకొక మాట. ఉగాదికి కన్నడ సోదరులు వేలకొలది నల్లమల అడవి గుండా కాలినడకన శ్రీశైలము పోతారు. మనము బస్సులోనో కారులోనో పోతాము. దోర్నాల వైపు, మన్ననూరు వైపు కూడ రాత్రి 9 తరువాత అడవి రోడ్డు మీద బండ్లను ఆపే ఏర్పాటు జరిగినది. ఈసారి గేటు వద్ద ఆగవలసి వస్తే కాపలాదారును తిట్టవద్దు. రెండు గంటలు ముందు బయలుదేరండి. అడవిలో బండి ఆపి కోతికి పండు వేయవద్దు. ఇంజను ఆపి కాసేపు వినండి.

మనము పరాయి గడ్డ మీద బ్రతుకుతూ ఇరుగుపొరుగుల మర్యాదను నేర్చుకొన్నవారము. ఇంకొకరి వాడలోనుండి నడిచి పోవలసి వచ్చినప్పుడు వారు నిద్రించే వేళ చూచుకొని, మెల్లగా అడుగు వేయుట మనకు కొత్త కాదు. బందిపూరు కూడ ఒక వాడయే. వచ్చే ఉగాదికి మన రోడ్డు ఆదాయమునే గాక, అడవి వ్యయమును కూడ లెక్క వేసుకొనగల బుద్ధిని ఆ వేణుగోపాలస్వామి మనకు ప్రసాదించుగాక.